నాలుగు నూళ్ళ తేడా

నినియన్ రాంకిన్ ప్యాంట్లు జీవితాంతం మడమల దగ్గర కొంచెం నేలను ఊడుస్తూనే ఉన్నాయి. ఎందుకలా అన్నది మెల్‌బోర్న్ నగరపు కాలింగ్‌వుడ్ పల్లంలోని ఆడవాళ్ళందరికీ తెలుసు, ఆయనకొక్కడికే తెలియదు.

పోతపని చేసేవాళ్ళ ఇంట్లో రెండు కొలబద్దలుంటాయి. ఒకటి లోకమంతా వాడేది. రెండోది అడుగుకి ఒక నూలు పొడుగుండేది. నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు. కరిగిన ఇనుము చల్లారేటప్పుడు అడుగుకి సరిగ్గా అంత ముడుచుకుంటుంది. అందుకని కొయ్య నమూనా చెక్కేవాడు ఆ పొడుగు బద్దతో కొలిచి చెక్కుతాడు. ఆ నమూనాని ఇసుకలో ఒత్తి, అచ్చు తీసి, ఇనుము పోస్తే చల్లారిన పోత సరైన కొలతకి దిగుతుంది. రెండు బద్దలూ చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయి. ఆయన భార్య గ్రిజెల్ బట్టలు కత్తిరించేటప్పుడు తలుపు వెనక వేలాడే బద్దనే అందుకునేది. అది పొడుగుది. "ఉతికితే ముడుచుకుంటాయిలే" అనేది. బట్ట ఇనుము కాదు గనక ముడుచుకోలేదు.

నినియన్ పుట్టింది స్కాట్లాండులో, ఫాల్‌కర్క్ పక్కన. తాత ఇసుక అచ్చులు కొట్టాడు, తండ్రి ఇసుక అచ్చులు కొట్టాడు, ఈయనా పదకొండో ఏట ఆ ఇసుకలోకే దిగాడు. ఇరవై ఆరో ఏట, పద్ధెనిమిదివందల యాభై మూడులో, బంగారం మాట విని మెల్‌బోర్న్ ఓడ ఎక్కాడు. బెండిగోలో ఏడు నెలలు తవ్వాడు. మొత్తం రెండు గోతులు. ఒకదాంట్లో నీళ్ళు పడ్డాయి. రెండోది వేరేవాళ్ళ గొయ్యి, ఆ సంగతి నడుం లోతు తవ్వాక తెలిసింది. అక్కడ తవ్వేవాళ్ళకి కరువైంది బంగారం కాదు, వండుకోవడానికి గిన్నె అని మాత్రం ఆయన గమనించాడు. తిరిగొచ్చి యారా నది ఒడ్డున చిన్న కొలిమితో ఫౌండ్రీ పెట్టి, మూడు కాళ్ళ ఇనుప కుండలు మూతలతో సహా పోసి అమ్మడం మొదలుపెట్టాడు.

గ్రిజెల్ ఆయనకి పరిచయమైంది ఒక మూత పుణ్యమా అనే. చాకలి పని చేసుకునే పిల్ల, కుండ కొనుక్కుంది, మూత పట్టలేదు. మూతని నెత్తిన పెట్టుకుని మరీ దెబ్బలాటకొచ్చింది.

"ఇది ఈ కుండ మూతేనా?"

నినియన్ మూతని అటూ ఇటూ తిప్పి చూశాడు. "కాదేమో. ఇంకో కుండదేమో. ఆ కుండ ఎవరు కొన్నారో గుర్తులేదు."

"అయితే నేను ఊళ్ళో ఇంటింటికీ తిరిగి మూతలు మార్చుకోవాలా?"

ఆయన కొత్త మూత పోసిచ్చాడు. అదీ పట్టలేదు. మూడోసారి వచ్చేసరికి పెళ్ళి నిశ్చయమైంది. మూత సంగతి ఏమైందో ఎవరూ అడగలేదు.

ఆయన తీరే అంత. ఎదురైనవాళ్ళని పక్కింటివాళ్ళ పేరుతో పలకరించేవాడు. ఆదివారం ప్రార్థనకి వెళ్ళి ఇంకొకరి టోపీతో వచ్చేవాడు. ఇసుక ముట్టుకుంటే మాత్రం ఆ చేతులు తప్పు చేసేవి కావు.

అరవై మూడులో ఒకసారి ఇద్దరూ డాండెనాంగ్ కొండల కేసి బండి మీద వెళ్ళారు. అక్కడ వాగుల్లో చెట్టంత ఎత్తు ఫెర్న్‌లు, గొడుగుల్లాంటి ఆకులు. నినియన్ వానలో తడుస్తూ పెన్సిలుతో ఆ ఆకులన్నీ గీసుకున్నాడు. మెడ వెనక జలగ పట్టినా తెలియలేదు. గ్రిజెల్ ఉప్పు చల్లి దాన్ని ఊడదీస్తే, "కాస్త ఆగు, ఈ ఆకు అయిపోనీ" అన్నాడు. ఆ చలికాలమంతా కూర్చుని ఆ ఆకులతో వరండా పైన బిగించే ఇనుప జాలీకి ఒక కొయ్య నమూనా చెక్కాడు. వెడల్పు రెండడుగులు. ఒక్క పోత పోసి చూశారు. ఇనుము ఒక మూలకి పారలేదు, ఆకు చివర రానేలేదు. చెడ్డ పోతలన్నీ ఇంటికే చేరేవి. పగిలిన పొయ్యి పలక గుమ్మం ముందు మెట్టయింది, వంకర పెనం కుక్క కంచమైంది, ఆ జాలీని గ్రిజెల్ ఎక్కడో వాడుకుంది. రెండో పోత పొయ్యక ముందే డిసెంబరులో యారా పొంగి ఫౌండ్రీలో నడుం లోతు నీళ్ళు నిలబడ్డాయి. ఇసుక, పెట్టెలు, కొయ్య నమూనాలు అన్నీ నదిలో పడి సముద్రం దారి పట్టాయి.

ఆ తరవాత చాలా ఏళ్ళు ఆయన జాలీల జోలికి పోలేదు. కుండలు, పొయ్యిలు, పైకెత్తే కిటికీలకి కట్టే ఇనుప తూకాలు పోసుకున్నాడు. డెబ్భై రెండులో ఊరంతా వరండాల పిచ్చి పట్టింది. సరిగ్గా అప్పుడే నినియన్‌కి విషజ్వరం వచ్చింది. ఆరు వారాలు మంచం మీదే. లేచాక కూడా మాటలు దొరికేవి కావు, చెంచాని చీపురనేవాడు. ఆయన మంచం మీద ఉండగా ఫౌండ్రీని నడిపింది వాటీ, పాతికేళ్ళుగా ఇసుక కొడుతున్న ముసలివాడు. నినియన్ కర్ర పట్టుకుని మెల్లగా ఫౌండ్రీకి వెళ్ళేసరికి అక్కడ ఫెర్న్ ఆకుల జాలీలు గోడకి వరసగా ఆనించి ఉన్నాయి. బల్ల మీద ఇనుప నమూనా ఒకటుంది.

"ఇదెక్కడిది, వాటీ?"

"మన పాతదే, మేస్త్రీ. మర్చిపోయావా?"

మర్చిపోయానేమో అనుకున్నాడు నినియన్. ఆ నెలల్లో ఆయన మర్చిపోనిదేముంది గనక. మరుసటి ఏడు వాటీ బంగారమంటూ క్వీన్స్‌లాండ్ పోయాడు. తిరిగి రాలేదు, ఉత్తరం రాలేదు. జాలీలు మాత్రం బాగా అమ్ముడుపోయాయి.

డెబ్భై నాలుగు జులైలో ఒక సోమవారం పొద్దున్న, గోనెసంచిలో ఏదో చుట్టుకుని ఒక బండ మనిషి ఫౌండ్రీలోకి వచ్చాడు. పేరు జబెజ్ హాకెట్. ఇంగ్లండులో స్టాఫర్డ్‌షైర్ నుంచి వచ్చి మూడేళ్ళుగా ఊరికి అవతల ఫుట్‌స్క్రేలో ఫౌండ్రీ నడుపుతున్నాడు.

"రాంకిన్ అంటే నువ్వేనా?"

"నేనే అనుకుంటున్నా."

"అనుకోవడమేంటయ్యా? నీ పేరు నీకు తెలీదా?" అంటూ హాకెట్ సంచి విప్పాడు. లోపల ఫెర్న్ ఆకుల జాలీ. "ఇది నా పోత. నీది ఒకటి తెచ్చి పక్కన పెట్టు."

పెట్టారు. పైపైన చూస్తే ఆకుకి ఆకు, కాడకి కాడ ఒకటే.

"ఒక తల్లి పిల్లలు కదూ?" అన్నాడు హాకెట్. "ఇప్పుడు కొలువు."

హాకెట్ జాలీ వెడల్పు రెండడుగులు, వెంట్రుకవాసి తేడా లేదు. నినియన్‌ది అర అంగుళం తక్కువ. నాలుగు నూళ్ళు.

ఈ పనిలో ఉన్నవాడికి ఇంకేమీ చెప్పక్కర్లేదు. నమూనా చెక్కే ఓపిక లేనివాడు ఎదుటివాడి పోతనే ఇసుకలో ఒత్తి అచ్చు తీస్తాడు. అలా పోసిన ఇనుము మళ్ళీ ముడుచుకుంటుంది. రెండడుగుల జాలీ రెండు నూళ్ళు తగ్గుతుంది. ఏ రెండు పోతలు పక్కపక్కన పెట్టినా చిన్నదే దొంగది.

"నువ్వు ఒక్కసారి కూడా కాదు, రెండుసార్లు చేశావు," అన్నాడు హాకెట్. "నా పోత మీద అచ్చు తీసి ఇనుప నమూనా పోసుకున్నావు. ఆ నమూనా మీద మళ్ళీ అచ్చు తీసి ఈ సరుకు పోస్తున్నావు. రెండూ రెండూ నాలుగు నూళ్ళు. నీది నకలు కూడా కాదు, నకలుకి నకలు."

"నీ కొయ్య నమూనా ఎవరు చెక్కారు?"

హాకెట్ చూపు సంచి మీదికి మళ్ళింది. "నా ఫౌండ్రీలోదే. నా నమూనా." తరవాత గొంతు పెంచాడు. "శనివారం పొద్దున్న పోతపనివాళ్ళ సంఘం పెద్దలు కూర్చుంటున్నారు. నకలు కొట్టావని తేలితే సంఘం పట్టీలోంచి నీ పేరు కొట్టేస్తారు. మనిద్దరం అడిగిన కొత్త మార్కెట్టు వరండా పని నాకొస్తుంది. రాకపోయినా ఫరవాలేదు. ఇసుకలో పుట్టిన మనిషివట, నీ పేరు పోవడమే నాకు కావాలి."

అతను వెళ్ళాక నినియన్ రెండు గంటలు ఆ ఇనుప నమూనా ముందే కూర్చున్నాడు. చేయనిదాన్ని చేయలేదని చెప్పడం తేలికే. చేశానో లేదో తనకే తెలియని మనిషి ఏం చెప్తాడు? ఫెర్న్ చెక్కినట్టు గుర్తుంది. కానీ ఊళ్ళో ప్రతి ఫౌండ్రీవాడూ ఫెర్న్ చెక్కినవాడే. నది పట్టుకుపోయినదీ బల్ల మీద ఉన్నదీ ఒకటేనని చెప్పింది వాటీ ఒక్కడే. ఆ వాటీ అయినా ఏ వరండా కిందో నిలబడి హాకెట్ జాలీ చూసి, మేస్త్రీ చావుబతుకుల్లో ఉన్నాడు, ఇల్లు గడవాలి గదా అని కక్కుర్తి పడి ఉండకూడదా? అలాగే అయితే రెండేళ్ళుగా తను దొంగసొమ్ము మీద పొద్దున్నే ఓట్స్ జావ తాగుతున్నట్టు.

మంగళవారం ఆయన బద్ద తీసుకుని రిచ్‌మండ్ గుట్ట మీద ఒక ఇంటికి వెళ్ళాడు. ఆ వరండాకి హాకెట్ జాలీ ఉందని విన్నాడు. ఒక్కటి కొలిచినంతలో నమ్మకమేంటి, ఇంకొకటి కూడా కొలవాలి. తలుపు తడితే ఎవరూ పలకలేదు. మెట్లెక్కి, స్తంభం పట్టుకుని పైకి పాకి బద్ద ఆనించాడు. అప్పుడు ఇంటావిడ బయటికొచ్చింది.

"ఎవరయ్యా నువ్వు, నా స్తంభం ఎక్కావు?"

"కొలుస్తున్నానమ్మా."

"ఎందుకు?"

"ఇది నాదో కాదో తెలుసుకుందామని."

"ఈ ఇల్లు నాది! మా ఆయన కట్టించాడు!"

"ఇల్లు కాదమ్మా. ఆకులు."

ఆవిడ కుక్కని పిలిచింది. నినియన్ దిగేశాడు గానీ కొలత మాత్రం దొరికింది. రెండడుగులకి రెండు నూళ్ళు తక్కువ! అంటే హాకెట్‌ది కూడా నకలే! ఇక ఆయన నడక నడక కాదు. దారిలో ఎదురైన పాస్టరు గారికి పాలవాడి పేరుతో దణ్ణం పెట్టాడు. ఇంటి దారి తప్పి నది వంతెన మధ్యకి వచ్చాక చేతిలోని బద్ద కేసి చూసుకున్నాడు. చివర చిన్న రంధ్రం, తాడు. తలుపు వెనక వేలాడే బద్ద. పొడుగు బద్దతో కొలిస్తే సరైనది రెండు నూళ్ళు తక్కువ చూపించక ఏం చేస్తుంది? ముప్పై ఆరేళ్ళుగా పోతపని చేస్తున్నవాడు, ఇంట్లో రెండు బద్దలున్న మనిషి మాత్రమే చేయగల తప్పది. హాకెట్ జాలీ హాకెట్ చెప్పినట్టు నిండు రెండడుగులే.

వంతెన మీద కాసేపు నిలబడ్డాడు. నీళ్ళు సముద్రం వైపు పోతున్నాయి. ఏ నీళ్ళు ఏం పట్టుకెళ్ళాయో వాటినే అడుగుదామన్నట్టు చూశాడు.

గ్రిజెల్‌కి చెప్పలేదు. ఏమని చెప్తాడు? బుధవారం జావ అలాగే మిగిలింది. గురువారం మటన్ మిగిలింది. గ్రిజెల్ గిన్నె కేసి చూసింది, మొగుడి కేసి చూసింది.

"ఏం, మళ్ళీ జ్వరమా? ఏదీ, ఇది ఏంటో చెప్పు," అని చెంచా ఎత్తి చూపించింది.

"చెంచా."

"అయితే జ్వరం కాదు. మరి ఆడమనిషా?"

"గ్రిజెల్!"

"రిచ్‌మండ్‌లో ఎవరో ఒకావిడ స్తంభం ఎక్కావని మంగళవారం సాయంత్రమే నాకు చేరింది. రెండు రోజులు ఆగాను. ఆ పాపిష్టి కుతూహలం నన్ను చంపేస్తోంది. స్తంభం ఎందుకెక్కావు?"

నినియన్ చెప్పాడు. హాకెట్ సంచి దగ్గర నుంచి వంతెన దాకా అంతా. చెప్పి, "వాటీ దొంగిలించాడేమో, గ్రిజెల్. నేనే చేయించానేమో. జ్వరంలో ఏం వాగానో ఎవరికి తెలుసు," అన్నాడు.

"నీ జాలీ ఒకటి తీసుకురా."

"నువ్వు చూసి ఏం చేస్తావు?"

"తీసుకురా అన్నాను గదా."

తెచ్చి బల్ల మీద పెట్టాడు. గ్రిజెల్ చేతులు తుడుచుకుని మూలనున్న ఒక ఆకు చివర మీద వేలు పెట్టింది. మిగతా ఆకులన్నీ కొసదేలి ఉన్నాయి, ఆ ఒక్కటీ బొటనవేలులా మొద్దుగా ఉంది.

"ఇది నా గేటు," అంది.

"ఏం గేటు?"

"కోళ్ళదొడ్డి గేటయ్యా! పదకొండేళ్ళుగా నీ పెరట్లోనే ఉంది. నీకు అక్కడి బాతులంటే భయం, అటు ఎప్పుడైనా వెళ్తేగా! వరదకి ముందు పోసిన మొదటి పోత, మూల విరిగినట్టొచ్చిందని నువ్వే గిరాటేశావు. నువ్వు జ్వరంలో ఉండగా వాటీ వచ్చి మూడు రోజులు గేటు అరువిమ్మన్నాడు. కోళ్ళన్నీ వీధిలో పడ్డాయి. తిరిగి తెచ్చినప్పుడు కొత్త సున్నం వేసి తెచ్చాడు. ఎంత మంచివాడో అనుకున్నాను. కేకు కూడా పెట్టాను."

నినియన్ జాలీని తన వైపు జరుపుకున్నాడు. తలలో లెక్క దానంతటదే తిరిగింది. గేటు మీద అచ్చు తీసి వాటీ ఇనుప నమూనా పోశాడు, రెండు నూళ్ళు పోయాయి. రాని ఆకు చివరని మైనంతో నింపి మొద్దుగా సరిపెట్టాడు. ఆ నమూనాతో సరుకు పోశాడు, ఇంకో రెండు పోయాయి. పోత మీద అచ్చు తీయడం ఇసుకలో పుట్టినవాడికి ఎంత తలవంపో వాటీకి తెలుసు, అందుకే నోరు మెదపలేదు.

"మరి నువ్వెందుకు చెప్పలేదు?"

"నువ్వెప్పుడు అడిగావు?"

అయినా నినియన్ ముఖం తేలికపడలేదు. "నాది నాదే అయితే, హాకెట్‌ది నాలాగే ఎందుకుంది? అతను నా గేటు ఎప్పుడు చూశాడు?"

"పద, కొలిచి చూద్దాం," అంది గ్రిజెల్. ఇద్దరూ దీపం పట్టుకుని వెళ్ళి గేటు కొలిచారు, ఈసారి మామూలు బద్దతో, రెండుసార్లు. నిండు రెండడుగులు. హాకెట్ జాలీ అంతే. నినియన్‌కి ముందుకన్నా ఇప్పుడే ఎక్కువ తికమకగా ఉంది.

శనివారం పొద్దున్న సంఘం కూర్చున్న గది ముందు ఒక తోపుడు బండి ఆగింది. బండి మీద సున్నం కొట్టిన గేటు, దాని వెనక నినియన్, పక్కన ఆదివారపు బోనెట్ టోపీ పెట్టుకున్న గ్రిజెల్. గేటు లేని దొడ్డికి అడ్డం కట్టిన తాడు చాలక ఒక కోడి వీళ్ళతో పాటే వచ్చింది.

తలుపు దగ్గర మనిషి అడ్డం నిలబడ్డాడు. "ఆడవాళ్ళు లోపలికి రాకూడదమ్మా."

"నేను రావట్లేదు. నా గేటొస్తోంది. గేటుని వదిలి నేను కదలను."

ముగ్గురు పెద్దలు కూర్చున్నారు. మధ్యలో అడైర్ అనే ముసలాయన, ఊళ్ళో మొదటి కొలిమి వెలిగించినవాళ్ళలో ఒకడు, ఆయనకి వినపడాలంటే చెవిలో అరవాలి. హాకెట్ ఇంకో వైపు, కాళ్ళ దగ్గర గుడ్డలో చుట్టిన పెద్ద పలక. నినియన్ నిలబడి చెప్పడం మొదలుపెట్టాడు. వరద దగ్గర మొదలుపెట్టి జ్వరంలోకి వెళ్ళి, అక్కణ్ణుంచి వెనక్కి డాండెనాంగ్ కొండలెక్కి, దారి తప్పాడు.

"మేస్త్రీ," అన్నాడు అడైర్, "నువ్వు కూర్చో. కొలత మాట్లాడుతుంది."

మూడూ కొలిచారు. హాకెట్ జాలీ రెండడుగులు. గేటు రెండడుగులు. నినియన్ సరుకు నాలుగు నూళ్ళు తక్కువ.

"చూశారా!" హాకెట్ లేచాడు. "గేటు నాదానితో సమానం. అంటే నా జాలీ ఒకటి కొని కోళ్ళకి తగిలించి, దాని మీద అచ్చు తీశాడు. ఇప్పుడు పాతదంటున్నాడు!"

గదిలో గుసగుసలు లేచాయి. నినియన్‌కి ఆ మాట కూడా నిజమేనేమో అనిపించింది. పైకే అన్నాడు, "అలా కూడా అయ్యుండొచ్చు."

"నోరు ముయ్యవయ్యా!" అంది గ్రిజెల్. తరవాత అడైర్ చెవి దగ్గరకి వెళ్ళి, "పెద్దాయనా! సున్నం! ఏటా రాణిగారి పుట్టినరోజు ముందు ఒక పూత! వెనక వైపు చూడండి!"

అడైర్ గేటుని తిప్పించి, ఉలితో ఒక మూల సన్నగా చెక్కాడు. సున్నం అంచు గీతలు గీతలుగా బయటపడింది. కళ్ళజోడు పెట్టుకుని వేలుతో లెక్కపెట్టాడు. పక్కనున్న పెద్దాయన లెక్కపెట్టాడు. పదకొండు. ముందు వైపు తిప్పి చెక్కారు. మూడు.

"ముందు వైపు గీకేశారు," అన్నాడు అడైర్ నెమ్మదిగా. "అచ్చు తీయడానికి గీకారు. తీసి, మళ్ళీ ఒక పూత వేశారు. తరవాత ఈవిడ రెండు. వెనక వైపు ఎవరూ ముట్టుకోలేదు." కళ్ళజోడు తీసి హాకెట్ వైపు చూశాడు. "నువ్వు మెల్‌బోర్న్ వచ్చి ఎన్నేళ్ళయింది, మిస్టర్ హాకెట్?"

"మూడు."

"గేటుకి పదకొండేళ్ళు. నీ కొయ్య నమూనా విప్పు."

హాకెట్ విప్పలేదు. చెవులు ఎర్రబడ్డాయి. "నాదే," అన్నాడు, "నేను డబ్బిచ్చి కొన్నాను."

"చెక్కింది నీ ఫౌండ్రీలో అన్నావుగా?" అన్నాడు నినియన్, నిజంగానే అర్థం కాక.

"నా ఫౌండ్రీలో ఉంది అన్నాను. చెక్కారనలేదు." గుడ్డ తానే విప్పాడు. "విలియమ్స్‌టౌన్‌లో నది సముద్రంలో కలిసే రేవులో, పాత ఇనుము కొనేవాడి దగ్గర దొరికింది. పీత వలల మధ్యన పడుంది. ఎవరిదో వాడికీ తెలీదు. ఆకులు బాగున్నాయని తీసుకున్నా. దొంగతనం కాదు."

కొయ్య ఒక వైపు నల్లబడి ఉంది, నీళ్ళలో నానిన గుర్తు. ఒక మూల వంపు తిరిగింది, వెనక కర్ర పట్టీ కొట్టి సరిచేశారు. యారా పట్టుకుపోయి సముద్రం ఒడ్డున పారేసినదాన్ని ఎవడో ఏరుకున్నాడు.

నినియన్ దగ్గరికి వచ్చి దాని మీద చేయి పెట్టాడు. పెట్టగానే తెలిసిపోవాలని ఆయన ఆశ. తెలియలేదు. ఎవరో మంచి పనివాడు చెక్కిన నమూనా, అంతే. చేతులు కూడా తనని మోసం చేస్తున్నాయా?

"మరి ఈ కాడ కింద ఇదేంటి?" అడిగాడు అడైర్. ఫెర్న్ కాడ మొదట్లో వేలి కణుపంత లావు వంకీ ఒకటుంది. నినియన్ సరుకులో అది ఒట్టి బుడిపె, పోత మీద పోత అచ్చు తీసేసరికి రూపం పోయింది.

"మొగ్గ," అన్నాడు హాకెట్. "బాగా కుదర్లేదు. ప్రతి పోత మీదా ఆకురాయితో గీకించేస్తున్నా."

గ్రిజెల్ పకపకా నవ్వింది. "మొగ్గా! మొగ్గ కాదు నాయనా, జలగ! వానలో మెడకి పట్టుకుంది, నేను ఉప్పేసి లాగుతుంటే ఆకు అయిపోనీ అన్నాడు. నన్ను ఏడిపించడానికి చెక్కాడు." గేటు ముందు వైపు సున్నం గోటితో గీకింది. అదే కాడ కింద అదే జలగ, చర్మం మీది ముడతలతో సహా.

నినియన్ చేయి తెలియకుండానే మెడ వెనక్కి వెళ్ళింది.

పెద్దలు ముగ్గురూ చాలాసేపు తలలు దగ్గరపెట్టుకున్నారు. వాళ్ళకి చిక్కు వచ్చింది. ఇంకొకడి పోత మీద అచ్చు తీసినవాడి పేరు కొట్టెయ్యాలని నియమం ఉంది. తన పోత మీద తనే అచ్చు తీసినవాణ్ణి ఏం చెయ్యాలో ఎక్కడా లేదు. తప్పా అంటే తప్పే, సరుకు అర అంగుళం తక్కువగా ఊరి మీదికి పోయింది. దొంగతనమా అంటే సొత్తు తనదే. చివరికి అడైర్ అన్నాడు:

"రాంకిన్ పేరు ఉంటుంది. ఆ ఇనుప నమూనా సోమవారం కరిగించాలి. కొయ్య కొన్నవాడిది, ఆకులు గీసినవాడివి. మార్కెట్టు వరండా ఇద్దరూ చెరో వైపు పొయ్యండి, ఒకే కొయ్య మీద. కొట్టుకోవద్దు."

"ఆ జలగ?" అన్నాడు హాకెట్.

"జలగ ఉంటుంది."

హాకెట్ టోపీ తిప్పుకుంటూ నినియన్ ముందు నిలబడ్డాడు. "మేస్త్రీ, నిన్ను దొంగన్నాను."

"నేనూ అదే అనుకున్నాను," అన్నాడు నినియన్. "నువ్వొక్కడివే కాదు."

"సరేలే, మర్యాదలు తరవాత," అంది గ్రిజెల్. "ఇంటి దగ్గర కోళ్ళన్నీ వీధిలో ఉన్నాయి. గేటు అటు పక్క పట్టుకో, హాకెట్ బాబూ." స్టాఫర్డ్‌షైర్ మనిషి టోపీ నెత్తిన పెట్టుకుని గేటు పట్టుకున్నాడు.

సోమవారం నినియన్ ఇనుప నమూనాని తన చేత్తోనే కొలిమిలో వేశాడు. వాటీని తిట్టుకుందామనుకున్నాడు, మనసొప్పలేదు. ఆ ముసలివాడు సిగ్గు మింగి చేసిన పని వల్లే ఆ ఏడు ఇంట్లో పొయ్యి వెలిగింది. మంచి చేశాడా చెడు చేశాడా అన్నది ఆయనకి ఎప్పటికీ తేలలేదు.

మార్కెట్టు వరండా మరుసటి వేసవికి పూర్తయింది. తూర్పు వైపు హాకెట్ పోసింది, పడమర వైపు నినియన్ పోసింది. ఆదివారం ప్రార్థన అయ్యాక ఆయన గ్రిజెల్‌ని వెంటబెట్టుకుని అక్కడ తిరిగేవాడు, చేతిలో మామూలు బద్ద, చివర ఎర్రదారం కట్టినది. అన్నీ నిండు రెండడుగులే. ఒక రోజు మధ్యలో ఆగి, వెనక్కి తిరిగి, మళ్ళీ ముందుకి చూశాడు.

"గ్రిజెల్, నా వైపు ఏది?"

"పడమర."

"పడమర ఎటు?"

"ఎండ చూసుకోవయ్యా."

మబ్బు పట్టి ఉంది. నినియన్ స్తంభం దగ్గరికి వెళ్ళి తలెత్తి చూశాడు. "జలగ ఉన్నది నాది కదా?"

"అవును."

"అన్నిటికీ ఉందే."

"అయితే అన్నీ నీవే," అని గ్రిజెల్ ఆయన చేయి పట్టుకుంది. "ప్యాంటు కాస్త పైకి లాక్కుని నడువు, బురదలో ఈడుస్తున్నావు. ఇంటికి పద."